ముల్లు సున్నా మీదే ఉంది, గేజి 5 పీఎస్ఐ తక్కువ చూపింది: టైరు గేజిపై ఒక కేస్ స్టడీ

ఒక సంస్థ కార్లకు టైర్లు, బ్రేకులు, సర్వీసు చూసుకోవడం నా పని. కార్లన్నీ ఒకే మోడల్, టైర్లన్నీ ఒకే సైజు. డ్రైవరు పక్క డోరు తెరిస్తే పిల్లరు మీద కనిపించే స్టిక్కరు ప్రకారం నాలుగు చక్రాలకూ చల్లగా ఉన్నప్పుడు 33 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని చెప్పే పీడనం), అంటే దాదాపు 2.3 బార్ ఉండాలి. వారం వారం గాలి చూడటం, లాగ్‌బుక్కులో రాయడం మా దగ్గర మొదటి నుంచీ ఉన్న పద్ధతే. ఈ పని చేసే కుర్రాడు నిజాయితీగా చేసేవాడు, ఒక్క వారం కూడా వదిలేవాడు కాదు. ఆ పుస్తకంలో ఏ పేజీ తీసినా 33, 33, 33, 33.

టైర్లు మాత్రం వేరే మాట చెప్పాయి. మార్చే సమయం దగ్గరపడిన ఒక సెట్టును విప్పి లోతు కొలిస్తే నడిమి గాడుల్లో 3 మిల్లీమీటర్లు, అంచుల దగ్గర 5 మిల్లీమీటర్లు ఉంది. నాలుగు టైర్లలోనూ అదే తీరు. తర్వాత చూసిన కారుదీ అంతే. అలైన్‌మెంటు తప్పితే టైరు ఒక పక్క అరుగుతుంది. గాలి తక్కువైతే రెండు అంచులూ అరుగుతాయి. నడుము ఒక్కటే అరిగిందంటే టైరు ఉబ్బి, బరువంతా మధ్య పట్టీ మీదే పడుతోందని అర్థం. అంటే గాలి ఎక్కువ ఉంది. పుస్తకమేమో 33 అంటోంది.

ఇన్నాళ్లూ ఇది ఎవరి దృష్టికీ రాకపోవడానికి కారణాలున్నాయి. గాలి కాస్త ఎక్కువైతే స్టీరింగు తేలిగ్గా తిరుగుతుంది, ఇంధనం కూడా ఏమీ ఎక్కువ తాగదు. కాబట్టి ఫిర్యాదు చేసేవాళ్లు ఉండరు. గుంతల్లో కారు గట్టిగా కొడుతోందని ఒకరిద్దరు అన్నా అది సస్పెన్షన్ ఖాతాలోకి పోయింది. డ్యాష్‌బోర్డు మీద టైరు దీపం వెలగలేదు. వెలగదు కూడా. ఆ దీపాన్ని తప్పనిసరి చేసిన అమెరికా నిబంధన, ఎఫ్ఎమ్‌వీఎస్ఎస్ 138, కోరేది ఒక్కటే: స్టిక్కరు మీది సంఖ్య కంటే గాలి 25 శాతం తగ్గినప్పుడు హెచ్చరించాలి. 33 ఉండాల్సిన టైరు 25 కిందికి దిగేదాకా అది మాట్లాడకపోయినా నిబంధన మీరినట్టు కాదు. గాలి ఎక్కువైతే చెప్పాలన్న షరతే అందులో లేదు. దీపం వెలగలేదు గనక గాలి సరిగ్గా ఉందనుకునేవాళ్లు చాలామంది కనిపిస్తారు. గాలి మరీ ప్రమాదకరంగా తగ్గిపోలేదన్న ధైర్యం వరకే ఆ దీపం ఇవ్వగలదు.

రెండో గేజి

విషయాన్ని బయటపెట్టింది ఒక డ్రైవరు. ఆయన సొంతంగా ఒక డిజిటల్ గేజి కొనుక్కుని కారులో పెట్టుకున్నాడు. మేం గాలి పట్టించిన మర్నాడు చూసుకుంటే 37.5 చూపించింది. వచ్చి చెబితే వర్క్‌షాపులో ఎవరూ నమ్మలేదు. "అన్నా, అది ప్లాస్టిక్ బొమ్మ. బ్యాటరీ దిగిపోయి ఉంటుంది. మనది ఇత్తడిది, అరచేయంత డయలు, అది తప్పు చూపిస్తుందా?" అన్నాడు మా కుర్రాడు. అతని మాటను నేను తేలిగ్గా తీసుకోను. చేతికి బరువుగా తగిలి, పెద్ద ముఖంతో, బ్యాటరీ అక్కర్లేకుండా పనిచేసే పరికరం మీద ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. కానీ బరువును బట్టి కొలత సరైనదని చెప్పలేం. ఆ మాటకొస్తే, డిజిటల్ తెర మీద చుక్క తర్వాత కనిపించే అంకెను బట్టి కూడా చెప్పలేం. 37.5 అని అర పీఎస్ఐ దాకా చూపడం తెర పని. ఆ అర పీఎస్ఐ నిజమా కాదా అన్నది లోపలి సెన్సరును బట్టి ఉంటుంది.

ముందుగా వేడి సంగతి తేల్చుకోవాలి. కారు నడిచాక టైరు వేడెక్కి 4 పీఎస్ఐ దాకా పెరగడం మామూలే, కాబట్టి ఆయన నడిపిన తర్వాత చూసి ఉండొచ్చు. ఎండలో నిలిపినా పెరుగుతుంది. ఆ లెక్క సులువే. గేజి చూపే 33కు బయటి వాతావరణ పీడనం 14.7 కలిపితే టైరులోని అసలు పీడనం 47.7. మామూలు వాతావరణంలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే అందులో సుమారు ముప్పయ్యో వంతు, అంటే 1.6 పీఎస్ఐ పెరుగుతుంది. నాలుగున్నర తేడా రావాలంటే దాదాపు 30 డిగ్రీలు మారాలి. రాత్రంతా నీడలో ఉన్న కారును తెల్లవారుజామున, ఇంకా స్టార్టు చేయకముందే కొలిచాం. డిజిటల్ గేజి మళ్లీ 37.5 అంది. మా ఇత్తడి గేజి 33 అంది. వేడికీ దీనికీ సంబంధం లేదు.

యూనిట్ల గందరగోళాన్నీ పక్కన పెట్టేశాం. కొన్ని డయళ్ల లోపలి వరస బార్‌లో ఉంటుంది, కొన్నింటికి చదరపు సెంటీమీటరుకు కిలోల్లో ఉంటుంది. 2.3 బార్ అంటే 33.4 పీఎస్ఐ, 2.3 కిలోలంటే 32.7. ఒకదాన్ని ఇంకోటి అనుకుని చదివినా తేడా ముప్పావు పీఎస్ఐ లోపే.

ఇక మిగిలింది అసలు ప్రశ్న. రెండు గేజిలు రెండు మాటలు చెబితే ఎవరిది నిజం? రెండింటినీ ఎన్నిసార్లు పక్కపక్కన పెట్టి చూసినా ఇది తేలదు. సగటు తీయడం మరీ తప్పు, ఎందుకంటే 35 అనే సంఖ్యను ఏ గేజీ చూపించలేదు. రెండింటి కంటే నమ్మదగిన మూడోది కావాలి, దాని నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలియాలి.

ఇక్కడే లాగ్‌బుక్కు గురించి ఒక మాట. మేం గాలి నింపేదీ, సరిచూసేదీ ఒకే గేజితో. ఆ గేజి 33 చూపేదాకా నింపి, మళ్లీ అదే గేజితో చూసి 33 అని రాస్తున్నాం. గేజి ఎంత తప్పుగా ఉన్నా ఆ పుస్తకంలో 33 తప్ప ఇంకో సంఖ్య రాదు. టైరులో గాలి ఎంతుందో ఆ పేజీలు చెప్పడం లేదు. గేజి తన మాట తానే వింటోందని మాత్రం చెబుతున్నాయి.

ల్యాబ్‌లో తేలింది

రెండింటినీ పీడన పరికరాలు కాలిబ్రేట్ చేసే, అంటే మేలైన పరికరంతో పోల్చి తప్పెంతో తేల్చే ల్యాబ్‌కు పంపించాం. అక్కడ పోల్చే పరికరానికి ఒక వంశక్రమం ఉంటుంది. దాన్ని అంతకంటే మేలైన దానితో, దాన్ని మళ్లీ ఇంకా మేలైన దానితో పోల్చుకుంటూ పైకి వెళితే చివరికి డెడ్ వెయిట్ టెస్టర్ లాంటిది వస్తుంది. విస్తీర్ణం కచ్చితంగా తెలిసిన పిస్టను మీద తెలిసిన బరువులు పెడతారు, బరువును విస్తీర్ణంతో భాగిస్తే పీడనం. అందులో నమ్మాల్సిన స్ప్రింగూ లేదు, సెన్సరూ లేదు. పరీక్షించే పరికరం పరీక్షకు వచ్చిన దానికంటే కనీసం నాలుగు రెట్లు కచ్చితంగా ఉండాలన్నది ఈ వృత్తిలో చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ.

డిజిటల్ గేజి మేం వాడే పరిధిలో అర పీఎస్ఐ లోపే తేడా చూపింది. ఇత్తడి గేజి రిపోర్టు చదవాల్సిన రిపోర్టు. అసలు పీడనం 20 ఉంటే 15 చూపింది, 35 ఉంటే 29.5, 50 ఉంటే 45, 80 ఉంటే 75. ఎక్కడ చూసినా 5కు అటూ ఇటూ తక్కువే. గాలి లేనప్పుడు మాత్రం సరిగ్గా సున్నా.

ఈ చివరి ముక్క దగ్గర ఆగాలి. అన్నిచోట్లా 5 తగ్గించి చూపే గేజి ఖాళీగా ఉన్నప్పుడు మైనస్ 5 చూపాలి కదా? ఎందుకు చూపలేదంటే సున్నా దగ్గర చిన్న మొల, అంటే అడ్డుగా నిలిచే మేకు లాంటిది, ఉంది. ముల్లు దాన్ని దాటి వెనక్కి పోలేదు. డయలు గేజిలోని ఏర్పాటు 1849లో యూజీన్ బుర్డాన్ అనే ఫ్రెంచి ఇంజనీరు పేటెంటు తీసుకున్నదే: అర్ధచంద్రాకారంలో వంచిన చదును గొట్టం, గాలి లోపలికి వెళ్తే నిటారుగా సాగాలని చూస్తుంది. ఆ కొద్దిపాటి కదలికను చిన్న లింకు, పళ్లచక్రం పెద్దది చేసి ముల్లును తిప్పుతాయి. గేజి కిందపడితే ముల్లు తన ఇరుసు మీద కొంచెం జారవచ్చు, లేదా పళ్లచక్రం పట్టు తప్పవచ్చు. ఎలా జరిగినా కొలత మొత్తం ఒకే దూరం పక్కకు జరుగుతుంది. మా గేజి కంప్రెసర్ హోసు కొసన వేలాడుతూ ఎన్నిసార్లు సిమెంటు నేల మీద పడిందో లెక్కలేదు. తేడా అన్నిచోట్లా దాదాపు ఒకేలా ఉండటం చూస్తే జరిగింది అదేనని నా నిర్ధారణ. ముల్లు పైవైపు జరిగి ఉంటే ఖాళీగా ఉన్నప్పుడే 5 చూపించి దొరికిపోయేది. కిందివైపు జరిగింది కాబట్టి మొల దాన్ని దాచిపెట్టింది. మేం రోజూ చూసి "సున్నా సరిగ్గానే ఉంది" అనుకున్నది ముల్లు మొలకు ఆనుకుని నిలబడటాన్ని.

ల్యాబ్ నుంచి వచ్చాక నేనూ ఒక పరీక్ష చేశాను. టీ జాయింటు (ఇంగ్లిషు T ఆకారంలో, రెండు గేజిలు పట్టే గొట్టం) ఉన్న చిన్న గాలి ట్యాంకుకు రెండు గేజిలూ ఒకేసారి తగిలించి మెల్లగా గాలి ఎక్కించాను. డిజిటల్ గేజి 1, 2, 3, 4 అని పైకెక్కుతుంటే ఇత్తడి గేజి ముల్లు మొల దగ్గరే కూర్చుంది. 5 దాటాకే కదిలింది. మా కుర్రాణ్ణి పిలిచి ఇది చూపించాను. అతను మారు మాట్లాడకుండా ఆ గేజిని హోసు నుంచి విప్పేశాడు.

ముల్లును 5 పైకి జరిపితే సరిపోదా అని అడిగారు. సరిపోదు. పీడనం పెంచుతూ వచ్చినప్పుడు 35 దగ్గర 29.5 చూపిన గేజి, పైనుంచి తగ్గిస్తూ వచ్చినప్పుడు అదే 35 దగ్గర 31 చూపింది. ఎక్కేటప్పుడు ఒక మాట, దిగేటప్పుడు ఇంకో మాట. మారకుండా ఉండే తప్పునైతే సరిదిద్దుకోవచ్చు, గేజి మీద "5 కలుపుకో" అని చీటీ అంటించి కూడా వాడొచ్చు. ఎటునుంచి వచ్చామన్న దాన్ని బట్టి మారే తప్పుకు ఏ చీటీ పనికిరాదు.

పడకపోయినా అది మాకు తగిన గేజి కాదు

రిపోర్టు చూశాక ఆ గేజి డయలును మళ్లీ పరిశీలించాను. అది 0 నుంచి 160 పీఎస్ఐ దాకా కొలిచే గేజి. లారీ టైర్లకు పనికొచ్చేది. గేజి కొనేవాళ్లలో చాలామంది పట్టించుకోనిదీ, నా దృష్టిలో అన్నిటికంటే ముందు చూడాల్సిందీ ఈ పరిధే.

డయలు గేజిల కచ్చితత్వాన్ని డయలు మొత్తంలో ఇంత శాతం అని చెబుతారు, చూపే సంఖ్యలో శాతంగా కాదు. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం (ఏఎస్ఎమ్ఈ) డయలు గేజిలకు పెట్టిన బీ40.100 ప్రమాణంలో బీ గ్రేడు అంటే డయలు నడిమి సగంలో 2 శాతం, మొదటి పావులోనూ చివరి పావులోనూ 3 శాతం తేడా ఉండొచ్చు. 160 గేజికి మొదటి పావు 0 నుంచి 40 దాకా. మా 33 అక్కడే పడుతుంది. 160లో 3 శాతమంటే 4.8 పీఎస్ఐ. అంటే ఎన్నడూ కిందపడని కొత్త గేజి, బీ గ్రేడు పరీక్షలో నెగ్గిన గేజి కూడా మా టైర్లను దాదాపు అంతే తప్పుగా చూపే అవకాశం ఉంది, పైగా అలా చూపినా అది గ్రేడు లోపలే ఉన్నట్టు. అదే 60 పీఎస్ఐ గేజి తీసుకుంటే 33 నడిమి సగంలో, 15కూ 45కూ మధ్య, పడుతుంది. బీ గ్రేడైతే 1.2 పీఎస్ఐ, ఏ గ్రేడైతే 0.6. తయారీ అంతే బాగున్నా పరిధి మారేసరికి నాలుగు రెట్ల తేడా. వాడే పీడనం డయలు నడుమ పడేలా గేజి కొనమనేది ఇందుకే. మార్కెట్లో ఏ గ్రేడూ రాయకుండా అమ్మే గేజిలు చాలా ఉన్నాయి. వాటికి ఈ భరోసా కూడా లేదు.

మరి ఎంత కచ్చితత్వం ఉంటే చాలు? టైరు గేజిలకు యూరప్ ప్రమాణం ఈఎన్ 12645 ఉంది. అందులో 4 బార్ దాకా అనుమతించే తేడా 0.08 బార్, అంటే 1.2 పీఎస్ఐ కంటే కొంచెం తక్కువ. కారు టైరుకు నేను కూడా అంతే అడుగుతాను. ఉదయానికీ మధ్యాహ్నానికీ వాతావరణమే టైరును 1 పీఎస్ఐ పైచిలుకు మార్చేస్తుంటే, పీఎస్ఐలో పదో వంతు దాకా కచ్చితత్వం కోసం వెంపర్లాడటంలో అర్థం లేదు.

కొత్త గేజిలు తీసుకునేటప్పుడు నేను పట్టుబట్టిన రెండోది, సున్నా దగ్గర మొల లేని డయలు. ముల్లు సున్నా కిందికి కూడా పోగలిగితే అది జారిన రోజే కంటికి కనబడుతుంది. మొల ఉన్న గేజి ఒక పక్క జారుడును దాచేస్తుందని ఇప్పుడు మాకు బాగా తెలుసు. డిజిటల్‌లో సున్నా సంగతి వేరు. చాలా రకాలు ఆన్ చేసిన క్షణంలో ఉన్న పీడనాన్నే సున్నాగా తీసుకుంటాయి, కాబట్టి బయటి గాలిలోనే ఆన్ చేసి, తెర మీద సున్నా చూశాకే వాల్వుకు పెట్టాలి. వాల్వుకు నొక్కిపెట్టి ఆన్ చేస్తే తర్వాత వచ్చే సంఖ్యకు విలువ లేదు.

వాల్వుకు తగిలించే తల గురించి కూడా చెప్పాలి. అందులోని రబ్బరు వాచరు గట్టిపడితే సరిగ్గా అతకదు, బుస్సుమని గాలి పోతుంటుంది, గేజి తక్కువ చూపుతుంది. బుస్సు ఆగేదాకా ఏ సంఖ్యనూ నమ్మకూడదు. పొట్టి హోసు, ఎక్కువైన గాలిని వదిలే బటను ఉంటే తగ్గించడానికీ చూడటానికీ గేజిని తీసి పెట్టే పని ఉండదు. గ్లిజరిన్ నింపిన డయళ్లు అదురును తట్టుకుంటాయి. కానీ కేసు పూర్తిగా మూసి ఉంటే వేడికి లోపల ఒత్తిడి పెరిగి గేజి తక్కువ చూపవచ్చు, వాటి పైన ఉండే చిన్న రబ్బరు బిరడా ఆ ఒత్తిడిని బయటికి వదలడానికే. పెన్ను ఆకారపు గేజిని చాలామంది చులకన చేస్తారు, నేను చేయను. పిస్టను, స్ప్రింగు, జారే పుల్ల, అంతే ఉంటుంది అందులో. గీతలు చదవడం కష్టం, దుమ్ము పడితే పుల్ల ఇరుక్కుంటుంది. శుభ్రంగా ఉంచితే మాత్రం డ్యాష్‌బోర్డు అరలో అత్యవసరానికి అంతకంటే నమ్మకమైనది తక్కువ.

చివరికి మేం తీసుకున్నవి 60 పీఎస్ఐ డయలు గేజి ఒకటి, రోజువారీ వాడకానికి రెండు డిజిటల్ గేజిలు. డయలు గేజిని కాలిబ్రేట్ చేయించి, సర్టిఫికెట్‌తో సహా స్పాంజి పరిచిన డబ్బాలో బీరువాలో పెట్టాం. దాంతో టైర్లు చూడటం నిషేధం. టీ జాయింటు మీద నెలకొకసారి మిగతా రెండింటినీ దాని పక్కన పెట్టి 33 దగ్గర పోలుస్తాం. 1 పీఎస్ఐ దాటి తేడా వస్తే ఆ గేజిని ఆ రోజు నుంచే పక్కన పెడతాం. కిందపడితే నెల కోసం ఆగం, వెంటనే పోలుస్తాం. బీరువాలోది ఏడాదికొకసారి ల్యాబ్‌కు వెళ్తుంది.

సొంత కారు ఒక్కటే ఉన్నవాళ్లకు ఇంత ఏర్పాటు అక్కర్లేదు. ముందు స్థిరత్వం చూడండి: చల్లటి టైరు మీద ఒకే గేజిని వెంటవెంటనే నాలుగైదు సార్లు పెట్టండి. అర పీఎస్ఐ మించి అటూ ఇటూ పోతుంటే దాన్ని ఇంకే పరీక్షా అక్కర్లేకుండా వదిలేయొచ్చు. స్థిరంగా ఉంటే అప్పుడు సరైనదా అని చూడాలి, ఎందుకంటే స్థిరంగా తప్పు చెప్పే గేజిలూ ఉంటాయి, మాది చాలా కాలం అలాగే చెప్పింది. దానికి మీ గేజితో ఏ సంబంధమూ లేని సాక్షులు కావాలి. చక్రాల లోపల సెన్సర్లున్న కారైతే, డ్యాష్‌బోర్డు మీద సంఖ్యలు చూపించేదైతే, అదొక మంచి సాక్షి. చక్రాల వేగాన్ని బట్టి ఊహించే రకం కారు పనికిరాదు, అది పీడనాన్ని కొలవనే కొలవదు. వేరే కంపెనీ, వేరే రకం గేజి ఉన్న స్నేహితుడు ఇంకో సాక్షి. మూడూ 1 పీఎస్ఐ అటూ ఇటూగా కలిస్తే మీ గేజిని నమ్మొచ్చు. ఒకే రోజు ఒకే దుకాణంలో ఒకే రకం గేజిలు రెండు కొని పోల్చుకోవడం వల్ల మాత్రం ఉపయోగం తక్కువ, రెండూ ఒకే తప్పుతో పుట్టి ఉండొచ్చు.

ఆ తర్వాత

కార్లన్నిటికీ చల్లటి వేళ 33కు దించాం. మొదటి వారం స్టీరింగు బరువైందని డ్రైవర్లు అన్నారు, గుంతల దెబ్బ తగ్గిందని కూడా వాళ్లే చెప్పారు. వేగాన్ని బట్టి ఊహించే రకం టైరు దీపం ఉన్న కార్లలో రీసెట్ మళ్లీ చేయాల్సి వచ్చింది, ఎందుకంటే అవి ఇన్నాళ్లూ 38ని సరైన స్థితి అని నేర్చుకున్నాయి. నడుము అరిగిన టైర్లలో మరీ అరిగినవాటిని తీసేశాం, మిగతావాటిని దగ్గరి ప్రయాణాలకు ఉంచాం. కొత్త సెట్లలో ఇప్పటిదాకా నడుమా అంచులా ఒకేలా అరుగుతున్నాయి. లోతు కొలిచేటప్పుడు ఒక్క చోట కాకుండా మూడు చోట్ల కొలవడం అప్పుడే అలవాటు చేసుకున్నాం. గేజితో సంబంధం లేకుండా గాలి గురించి చెప్పే సాక్ష్యం మా దగ్గర అదొక్కటే.

లాగ్‌బుక్కులో ఇప్పుడు రెండు గడులు పెరిగాయి. ఒకటి కొలిచిన సమయం, టైరు చల్లగా ఉందో లేదో తెలియడానికి. రెండోది గేజి నంబరు. రేపు ఆ రెండు డిజిటల్ గేజిల్లో ఒకటి తప్పని తేలితే, అది చివరిసారి సరిగ్గా ఉన్న తేదీ నుంచి ఏయే కార్లను దాంతో చూశామో పుస్తకమే చెబుతుంది, ఆ కార్లను మాత్రమే వెనక్కి పిలిపిస్తాం. మేం గాలి నింపాక సంఖ్య రాసే గేజి, నింపిన గేజి ఒకటే కాకూడదని కూడా నియమం పెట్టుకున్నాం. ఇంకా మిగిలిన పని కంప్రెసర్ హోసుకు కొత్తగా బిగించిన గేజి. అది కూడా 160 పరిధిదే. దొరికిన వెంటనే 60 పరిధిది బిగిస్తాం, అప్పటిదాకా దాని అద్దం మీద "నింపడానికి మాత్రమే" అని రాసి అంటించాం.